దేనితోనూ కలవని చప్పుడు

చింతకుంట బొగ్గు గని అంతటా చెవులు పెట్టిన నాటి నుంచి అక్కడ పైకప్పు కూలి ఒక్క మనిషీ పోలేదు.

ఆ చెవులు చూడడానికి ఏమంత గొప్పగా ఉండవు. కందిబద్దంత స్ఫటికాలు. గనిలో కప్పుకు బోల్టులు బిగించేటప్పుడు పక్కనే ఒక్కో స్ఫటికాన్ని రాతిలోకి దించుతారు. రాతి ఒత్తిడే దానికి కరెంటు, రాయే దానికి తీగ. లోపల ఎక్కడ చిన్న చిటుక్కుమన్నా ఆ స్ఫటికం పక్కదానికి, అది ఆ పక్కదానికి అందించుకుంటూ పైన ఉన్న ప్రయోగశాల దాకా మోసుకొస్తాయి. అక్కడ సర్వరు ఆ చప్పుడును తన దగ్గర దాచుకున్న కోట్ల చప్పుళ్ళతో పోల్చి చూస్తుంది. కప్పును మోయడానికి తవ్వకుండా వదిలేసిన బొగ్గు పిల్లర్లలో ఏది గట్టిగా ఉందో, ఏది అలసిపోయిందో చెబుతుంది. అది చెప్పిన చోటి నుంచి మనుషులు పక్కకు తప్పుకుంటారు. అంతే.

దీన్ని కనిపెట్టినవాడు డాక్టర్ పరాంకుశం వేదాద్రి. ఆయన దగ్గర డేటాబేస్ చూసుకునే ఇంజనీరు వినోద. వినోద వదిన స్వరూప గని లోపల ఆ స్ఫటికాలు బిగించే పనిలో ఉంది. ఆడబిడ్డా వదినా ఒకే స్కూటీ మీద పనికి వచ్చేవాళ్ళు. గేటు దాటాక ఒకరు ప్రయోగశాల మెట్లు ఎక్కేవాళ్ళు, ఒకరు నెత్తిన బత్తి టోపీ పెట్టుకుని బాయి దిగేవాళ్ళు. ఆ ఊళ్ళో గనిని బాయి అనే అంటారు.

నాలుగేళ్ళ క్రితం వినోద అన్న ఓదెలు ఆ బాయిలోనే కప్పు కూలి చనిపోయాడు. అప్పటికి వేదాద్రి ఒకే ఒక్క సొరంగంలో, అక్కడి మాటలో గ్యాలరీలో, ప్రయోగం కోసం కొన్ని స్ఫటికాలు పెట్టి ఉన్నాడు. ఓదెలు పోయింది ఆ గ్యాలరీలోనే. మొదటి పగులు నుంచి చివరి బండ దాకా మొత్తం కూలుడును ఆ స్ఫటికాలు విన్నాయి. అంతవరకు రాతి చిల్లర చప్పుళ్ళు తప్ప యంత్రానికి ఏమీ తెలియదు. కూలుడు ఎలా మొదలవుతుందో ఆ ఒక్క రికార్డు వల్లనే నేర్చుకుంది.

ఈ సంగతి దాచడం వేదాద్రి వల్ల కాలేదు. తానే వాళ్ళింటికి వచ్చి చెప్పాడు.

"నా మొగని సావును మిషినుకు పాఠం చేసిన్రా సారూ?" అంది స్వరూప.

ఆయన తల దించుకున్నాడు. ఆరు నెలల తర్వాత స్వరూపే ప్రయోగశాలకు వచ్చి పని అడిగింది. "ఆ పాఠం ఎవలకన్న అక్కరకు రావాలె గద. నేనే బిగిస్త మీ చెవులు. కని ఆ సప్పుడు మాత్రం మా ఇంట్ల ఎవల చెవుల పడొద్దు" అంది. ఆ మాట అందరూ నిలబెట్టారు. వినోద ఆ రికార్డు నంబరును రోజూ స్క్రీన్ మీద చూసేది, ఏనాడూ తెరవలేదు. అందులో అన్న కేక ఉంటుందేమో అన్న భయం ఆమెకు లోలోపల ఉండేది.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ప్రయోగశాల మీద పిడుగు పడింది.

టేబుల్ మీది టీ కప్పులు ఎగిరిపడ్డాయి. సర్వరు గదిలోంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. వినోద తలుపు తీసేసరికి పెద్ద సర్వరు, దానికి తోడుగా పెట్టిన రెండోది, రెండూ నల్లబడి ఉన్నాయి. ఊళ్ళోకి వెళ్ళే ఇంటర్నెట్ లైను కూడా తెగింది. బ్యాటరీ మీద నడిచే రిసీవరు డబ్బా ఒక్కటే బతికింది. స్ఫటికాలు పంపే చప్పుళ్ళు అందులోకి వచ్చి పడుతూనే ఉన్నాయి. వాటికి అర్థం చెప్పే సర్వరే లేదు.

చెవులు పనిచేయకపోతే బాయిలో ఎవరూ ఉండకూడదన్నది నియమం. సైరన్ మోగింది. షిఫ్టు జనం గుంపులు గుంపులుగా పైకి వచ్చారు. అందరికంటే లోపల, స్ఫటికాలు బిగించే జట్టు ఉంది. స్వరూపతో కలిపి ఏడుగురు. వాళ్ళు ఇంకా దారిలో ఉండగానే, పొద్దున్నుంచి సర్వరు కన్నేసి ఉంచమంటున్న పన్నెండో గ్యాలరీ కప్పు కూలి, పైకి వచ్చే దారి మూసుకుపోయింది.

ఆ కబురు ప్రయోగశాలకు తెచ్చింది మేనేజర్ సుధీంద్ర. వానలో తడిసి ముద్దయిన ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "రెస్క్యూ టీమ్ దిగింది. పన్నెండు వైపు నుంచి తవ్వుతున్నారు. వాళ్ళు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియడం లేదు మేడమ్. మీ యంత్రం ఏమైనా చెప్పగలదా?" అన్నాడు.

వినోద రిసీవరు డబ్బా వైపు చూసింది. వేదాద్రే, "చెప్తది. జెర టైమియ్యండి" అన్నాడు.

స్టోర్ గదిలో పాత కంప్యూటరు ఒకటి ఉంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఉన్నది, పనిచేస్తుంది. దాన్ని మోసుకొచ్చి జనరేటరుకు తగిలించారు. వారం వారం తీసే బ్యాకప్ డిస్కు ఇనుప బీరువాలో భద్రంగా ఉంది. చప్పుళ్ళన్నీ అందులో ఉన్నాయి. వాటిని నిలబెట్టి, వెతికి, పోల్చి చూపే డేటాబేస్ సర్వరే కావాలి.

వేదాద్రి కుర్చీ లాక్కున్నాడు. "నా ఇంజన్ సోర్సు నా దగ్గరుంది. మళ్ళ కంపైల్ చేస్త."

కాలిపోయిన మిషన్లో ఉన్నది ఆయన స్వయంగా సోర్సు నుంచి, అంటే మూల కోడ్ నుంచి, కట్టుకున్న డేటాబేస్ ఇంజన్. ఒక్కో భాగాన్నీ విప్పి, రాతి చప్పుళ్ళకు తగ్గట్టు దిద్దుకున్నాడు. దాని మీద ఆయనకు బిడ్డ మీద ఉన్నంత మమకారం.

"ఈ మిషన్ మీద ఎంతసేపు పడ్తది సార్?" అంది వినోద.

ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. "తెల్లారుతదేమో."

"అప్పటిదాకా వాళ్ళకు గాలి ఉంటదా?"

ఆయన కీబోర్డు మీది నుంచి చేతులు తీశాడు.

"కట్టి పెట్టిన ప్యాకేజీలు నా డిస్కుల ఉన్నయి సార్. ఈ లైనక్స్‌కు సరిపోయేటివే. తయారుచేసినోళ్ళే కంపైల్ చేసి, పరీక్ష చేసి మూటగట్టి ఇచ్చిన్రు. మనం విప్పి కూసోబెట్టుడే."

"అండ్ల నా మార్పులు లేవు గదమ్మా."

"మీ మార్పులు వేగం కోసం సార్. లెక్క అదే లెక్క. నిదానంగ చెప్తది, కని చెప్తది."

వేదాద్రి ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత లేచి, కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "కూసో. నేను రిసీవరు చూస్త."

వినోద డిస్కు పెట్టింది. మొదట ప్యాకేజీల మీది డిజిటల్ సంతకాలు సరిచూసింది. ఒక్క ఫైలు చెడినా ఇప్పుడు తెలుసుకోవాలి గాని, సగంలో తెలిస్తే లాభం లేదు. సంతకాలన్నీ సరిపోయాయి. లైనక్స్‌తో పాటు వచ్చిన పాత డేటాబేస్ లైబ్రరీ, అంటే తోడు ప్రోగ్రాముల మూట, ఒకటి కొత్తదానికి అడ్డొస్తుంది కాబట్టి దాన్ని తీసేసింది. ఇక ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించింది. ఉమ్మడి ఫైళ్ళ ప్యాకేజీ ఎక్కింది. లైబ్రరీలు ఎక్కాయి. క్లయింట్ ఎక్కింది. చివరి మూట, అసలు సర్వరు, ఎక్కనంది.

స్క్రీన్ మీద ఒకే వాక్యం. డిస్కుతో చదువూ రాతా నడిపే చిన్న లైబ్రరీ ఒకటి ఈ మిషన్లో లేదు, అది ఉంటే తప్ప రానంటోంది.

మామూలు రోజైతే ఇంటర్నెట్ నుంచి చిటికెలో వచ్చేసేది. ఇప్పుడు లైను లేదు.

"లేకున్నా సరేనని బలవంతంగ ఎక్కియ్యొచ్చు గద?" అన్నాడు సుధీంద్ర వెంట వచ్చిన కుర్ర ఆఫీసరు.

వినోద వేలు ఆ ఆజ్ఞ కొట్టడానికే కదిలింది. అలా ఎక్కించే దారి ఉంది. ఎక్కినట్టే ఉంటుంది, లేచినట్టే ఉంటుంది. కోట్ల రికార్డులు లోపలికి పోస్తున్నప్పుడు కుప్పకూలుతుంది. "వద్దు. మధ్యల పడిపోతే మళ్ళ మొదటికొస్తం" అంటూ లేచింది.

ఈ మిషన్లోకి లైనక్స్ ఎక్కించిన డిస్కు ఎక్కడ? ఆ లైబ్రరీ ఈ మిషన్లో లేకపోయినా ఆ డిస్కులో ఉంటుంది. లైనక్స్ తనతో పాటు వేల ప్యాకేజీలు తెస్తుంది, మనం అడిగినవే దింపుతుంది. వినోద, వేదాద్రి ఇద్దరూ నేల మీద కూర్చుని అట్టపెట్టెలు బోర్లించారు. పాత కేబుళ్ళు, విరిగిన మౌసులు, మానిటరు కాళ్ళు. చివరికి కంప్యూటరు వచ్చిన పెట్టె అడుగునే, ప్లాస్టిక్ కవరులో కదలకుండా ఉంది ఆ డిస్కు.

చిన్న లైబ్రరీ ఎక్కింది. దాని వెనకే సర్వరు ఎక్కింది. వినోద దాన్ని లేపింది. మొదటిసారి లేచినప్పుడు అది తనంతట తాను ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ తయారుచేసుకుని లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. దాన్ని వెతికి, లోపలికి వెళ్ళి, కొత్తది పెట్టింది. ఖాళీ గీత మీద కర్సరు కొట్టుకోసాగింది.

"లేచింది సార్" అంది. ఆమెకు తెలియకుండానే కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

బ్యాకప్ పోయడం మొదలైంది. అదే సమయానికి వినోద తండ్రి రాజేశం లోపలికి వచ్చాడు. బాయి పని నుంచి రిటైరైన మనిషి. గని మొగదల దగ్గర నిలబడి నిలబడి, ఎదురుచూసే ఓపిక లేక కూతురి దగ్గరికి వచ్చాడు. ఏమీ అడగకుండా గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కోడలు ఆయనకు కొడుకు పోయిన తర్వాత కొడుకైంది.

రికార్డులన్నీ లోపలికి చేరాక వినోద రిసీవరును సర్వరుకు కలిపింది. గని పటం స్క్రీన్ మీద మెల్లగా వెలగడం మొదలైంది. వేదాద్రి ఇంజనంత వేగం లేదు. ఒక్కో పిల్లరు ఒక్కో ఊపిరికి రంగు తేలుతోంది. ఆకుపచ్చ. ఆకుపచ్చ. పసుపు. ఉత్తరం వైపు పాత గ్యాలరీల్లో ఒక మూల మాత్రం ఏ రంగూ రాలేదు. అక్కడి స్ఫటికం చప్పుడు పంపుతోంది. పక్కన అక్షరాలు మాత్రం, "పోలిక లేదు" అంటున్నాయి.

"డేటా మొత్తం ఎక్కలేదేమో" అన్నాడు వేదాద్రి నీరసంగా.

వినోద లెక్క చూసింది. బ్యాకప్ తీసినప్పుడు ఎన్ని రికార్డులున్నాయో ఇప్పుడూ అన్నే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే జవాబు. పోలిక లేదు. కొంచెం ఆగి, మళ్ళీ పోలిక లేదు. జవాబుకీ జవాబుకీ నడుమ ఎడం ఒకేలా ఉంది.

ఆమె స్క్రీన్ మీదికి వంగింది.

"సార్! ఈ బాయిల రాయి చేసే సప్పుళ్ళన్నీ మన దగ్గరున్నయి. నాలుగేండ్లవి. చిటుకు, పగులు, జారుడు, నీళ్ళు, పంపులు, డ్రిల్లు, బండ్లు... అన్నిటితోని పోల్చి లేదంటుంది. అంటే అది రాయి గాదు సార్!"

వేదాద్రి స్పీకరు పెట్టాడు. సర్వరు తనకు తెలిసిన చప్పుళ్ళన్నిటినీ తీసేసి, తెలియనిదాన్ని మాత్రం వదిలింది. గదిలో అందరూ విన్నారు. టక్, టక్, టక్. ఆగింది. టక్, టక్, టక్.

"వదినె" అంది వినోద. "స్ఫటికం ఏడుందో వదినెకు ఎరుకే. దాని పక్కన బోల్టుతోని కొడ్తుంది."

రాజేశం బెంచీ మీద నుంచి లేచి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

సుధీంద్ర అప్పటికే పటం మీద వంగాడు. "ఇది ఉత్తరం వైపు! మనవాళ్ళు పన్నెండు నుంచి తవ్వుతున్నారు. వీళ్ళు పాత గాలి దారి వైపు వెనక్కి జరిగారన్నమాట. అటు నుంచి వెళ్తే దగ్గరే."

అంతలో పటం మీద మరో చోట రంగు మారింది. పన్నెండో గ్యాలరీ మొగదల పసుపు నుంచి ఎరుపైంది. పక్కన ఒక రికార్డు నంబరు వచ్చి నిలబడింది. వినోద రోజూ చూసే నంబరే. ఓదెలు మీద కూలిన కప్పుది.

రెస్క్యూ మనుషులు సరిగ్గా దాని కింద ఉన్నారు.

సుధీంద్ర గని టెలిఫోను అందుకున్నాడు. అవతల రెస్క్యూ కెప్టెన్ గట్టయ్య. ఎంత చెప్పినా ఆ మనిషి వినలేదు. "ఇంకింత తవ్వితే అవతల పడ్తం సార్. మా కండ్లకు కప్పు మంచిగనే కనవడుతుంది. గిప్పుడే పెట్టిన కంప్యూటరు మాట పట్టుకొని పని ఆపుమంటే ఎట్ల? లోపల మనోళ్ళున్నరు" అన్నాడు.

సుధీంద్ర ఫోను పట్టుకుని వినోద వైపు చూశాడు. తప్పుకోమని గట్టిగా ఆజ్ఞ ఇస్తే ఇవ్వచ్చు. యంత్రం చెప్పింది తప్పయితే, తవ్వకం ఆపినందుకు ఏడు ప్రాణాలు పోతాయి. ఒప్పయితే, ఆపనందుకు కింద ఉన్న రెస్క్యూ వాళ్ళందరివీ.

గట్టయ్యకు నమ్మకం కలిగించే దారి ఒక్కటే ఉంది. వినోదకు అది తట్టింది. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, అన్నది పెట్టాలె. ఆ సప్పుడు."

రాజేశం కూతుర్ని చూశాడు. "పెట్టు బిడ్డా. నేనీడనే ఉంట" అన్నాడు.

వినోద ఫోను అందుకుంది. "గట్టయ్య కాకా, నేను వినోదను. రెండు సప్పుళ్ళు వినిపిస్త. ఒకటి మా అన్న పోయిన నాటిది. రెండోది నీ నెత్తి మీద గిప్పుడు అయితున్నది. విన్నాక నీ ఇష్టం."

నాలుగేళ్ళుగా మూసి ఉన్న రికార్డు తెరుచుకుంది. దూరంగా ఎవరో ఎండుకట్టెలు విరుస్తున్నట్టు మొదలై, చిక్కబడి, పైపైకి వచ్చింది. కేక లేదు. మనిషి గొంతే లేదు. రాతికి మనిషి సంగతి తెలియదు. ఇన్నేళ్ళు తాను భయపడ్డది అందులో లేదని వినోదకు అప్పుడు తెలిసింది. చివరిదాకా పోనివ్వకుండా ఆపి, ఇప్పటిది పెట్టింది. అవే ఎండుకట్టెలు. అదే చిక్కదనం.

ఫోన్లో గట్టయ్య గొంతు మేఘంలా ఉరిమింది. "పనిముట్లు ఆడనే ఇడిసిపెట్టుండ్రి! ఎనుకకు! అందరు ఎనుకకు!"

పరుగుల చప్పుడు. అరుపులు. చివరి మనిషి జంక్షన్ దాటాడో లేదో, ప్రయోగశాల నేల కూడా అదిరింది. పటం మీద ఎరుపు నల్లగా మారింది.

వినోద ఫోనును చెవికి అదుముకుంది. "కాకా! కాకా!"

దగ్గు. మళ్ళీ దగ్గు. "ఉన్నం బిడ్డా" అన్నాడు గట్టయ్య. "అందరం ఉన్నం. మా పారలే పోయినయి. ఇగ దారి నువ్వే చెప్పు. ఎటు పొమ్మంటవో అటే పోతం."

అక్కడి నుంచి దారి చూపింది సర్వరే. పాత గాలి దారి ఏళ్ళుగా ఎవరూ నడవనిది. వినోద ఒక్కో పిల్లరు రంగు చూసి చెబుతుంటే ఫోను తీగ వెంట లాక్కుంటూ గట్టయ్య జట్టు ఒక్కో అడుగు వేసింది. "కుడిది ముట్టకుండ్రి. ఎడమ గోడ పట్టుకొని రాండ్రి. ఆగుండ్రి... ఇగ పోండ్రి." నిదానంగా చెప్పే సర్వరు, నిదానంగా నడిచే మనుషులు, ఇద్దరికీ కుదిరింది. ఎంత ముందుకు వెళ్తే ఆ టక్ టక్ అంత వేగమైంది. అవతలి వాళ్ళకు వీళ్ళ అడుగులు వినిపించాయని అందరికీ అర్థమైంది. ఒక చోట టక్ టక్ పూర్తిగా ఆగిపోయింది.

ఫోన్లో ముందు వినబడింది నవ్వు. తర్వాత స్వరూప గొంతు. "వినోదా, నీళ్ళ సీసా ఒక్కటన్న పంపలే ఎవలతోని? గొంతెండి సస్తున్నం ఈడ!"

సాయంత్రం వాన వెలిసింది. గని మొగదల జనం కిక్కిరిసి ఉన్నారు. ఏడుగురూ తమ కాళ్ళ మీద తామే నడిచి వచ్చారు. మొహాలన్నీ నల్లగా ఉంటే, తెల్లగా కనబడేవి పళ్ళే. ఈలలు, చప్పట్లు, ఏడుపులు కలిసిపోయాయి. రాజేశం కోడలి తల మీద చెయ్యి పెట్టి, తన కండువాతో ఆమె మొహం తుడిచాడు. వేదాద్రి దూరంగా నిలబడ్డాడు. స్వరూపే వెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది. నాలుగేళ్ళ తర్వాత ఆ మనిషి తల ఎత్తి ఆమెను చూశాడు.

మర్నాడు స్వరూప అరచేతికి కట్టు కట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. వినోద ఆమెకు కుర్చీ వేసి, ఎదురుగా నిలబడింది.

"వదినా, అన్న సప్పుడు పెట్టినం. నిన్ను అడగకుంట."

స్వరూప కట్టు మీది ముడి సర్దుకుంది. "ఎవలకు పెట్టిన్రు?"

"గట్టయ్య కాకకు."

"కాక ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు. అందరు వచ్చిన్రు."

"మరింకేంది" అంది స్వరూప. కళ్ళు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నేను కొట్టింది ఏది? సూపెట్టు."

వినోద చూపించింది. చప్పుడు పట్టికలో చేరింది గాని, దాని రకం అన్న గడి ఖాళీగా ఉంది. పగులు, జారుడు, కూలుడు, అన్నీ గని మనుషులు పెట్టిన పేర్లే. దీనికి పేరు లేదు.

"నువ్వే పెట్టు" అన్నాడు వేదాద్రి.

స్వరూప ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. పిలుపు. తర్వాత గని టెలిఫోను తీసి, కింద మరమ్మతు పనిలో ఉన్న గట్టయ్యను పిలిచింది. "కాకా, నీ పక్కన గోడను జెర కొట్టు. మూడు దెబ్బలు."

అందరూ స్క్రీన్ వైపు చూశారు. సర్వరు తన కోట్ల చప్పుళ్ళన్నీ వెతుక్కుంటూ, ఎప్పటిలాగే నిదానంగా జవాబు తెచ్చింది.

పోలిక దొరికింది: పిలుపు.